జన్యుశాస్త్రం ముందా, మాలిక్యులర్ బయాలజీ ముందా? విజయవాడ, గుంటూరు డిగ్రీ విద్యార్థులకు ఎంపిక సలహా

నీట్ కౌన్సెలింగ్ ఒక కొలిక్కి వచ్చేసరికి బైపీసీ పిల్లలున్న ఇళ్లలో రెండో చర్చ మొదలవుతుంది. ఎంబీబీఎస్ సీటు రాలేదు, మళ్లీ లాంగ్ టర్మ్‌కి పంపే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. "మా అమ్మాయికి డీఎన్ఏ, జెనెటిక్స్ అంటే ఇష్టమండీ. బయోటెక్నాలజీలో చేర్చమంటారా, జువాలజీ చాలంటారా?" అని అడుగుతారు. ఈ పాఠాలు డిగ్రీ పిల్లలకు చెప్పే మనిషిగా నేను ఏటా వినే ప్రశ్న ఇదే. ఆ తర్వాత వరసగా ఇంకొన్ని వస్తాయి: ఏ పుస్తకం కొనాలి, వీడియోలు చాలవా, మెండెల్‌తో మొదలుపెట్టాలా డీఎన్ఏతోనా, ల్యాబ్ లేని కాలేజీ అయితే ఎలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్సు పేరు తెచ్చే తేడా తక్కువ. జన్యుశాస్త్రాన్ని లెక్కలు చేస్తూ నేర్చుకుంటారా, నోట్సు బట్టీ పడతారా అన్నదే అసలు తేడా. మిగతా ఎంపికలన్నీ దీన్నిబట్టి చేసుకోవచ్చు.

కోర్సుల సంగతి

మన రెండు ఊళ్ల చుట్టుపక్కల బైపీసీ వాళ్లకు ఈ సబ్జెక్టు దొరికే దారులు ముఖ్యంగా నాలుగు. బీఎస్సీలో జువాలజీ లేదా బోటనీ, బీఎస్సీలో బయోటెక్నాలజీ లేదా మైక్రోబయాలజీ, బీఎస్సీ అగ్రికల్చర్, బీటెక్ బయోటెక్నాలజీ.

సాదా బీఎస్సీని చాలామంది చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం. గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది, విజయవాడ ఎస్సార్ఆర్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కళాశాల 1937 నాటిది, ఆంధ్ర లయోలా 1953లో వచ్చింది. ఇంత పాత కాలేజీలున్న ఊళ్లు మనవి. జువాలజీ, బోటనీ తీసుకున్నవాళ్లకు జన్యుశాస్త్రంతో పాటు పరిణామం, వర్గీకరణ, శరీరధర్మశాస్త్రం కూడా వస్తాయి. జన్యువు ఏ జీవిలో పనిచేస్తోందో ఆ జీవి కూడా తెలుస్తుంది. టీచింగ్ వైపు, బీఈడీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇదే సూటి దారి. ఫీజు కూడా సాధారణంగా తక్కువ.

బయోటెక్నాలజీ మేజర్‌లో మాలిక్యులర్ బయాలజీ (డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రొటీన్ల స్థాయిలో చదివే జీవశాస్త్రం) పేపర్లు ఎక్కువ, రికాంబినెంట్ డీఎన్ఏ (ఒక జీవి డీఎన్ఏ ముక్కను ఇంకోదాంతో కలపడం), ఇమ్యునాలజీ లాంటివి వస్తాయి. కాగితం మీద సిలబస్ చూస్తే ఇదే ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ ఈ కోర్సు విలువంతా ల్యాబ్‌లోనే ఉంది. డీఎన్ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పీసీఆర్ మెషీన్‌ను మూడేళ్లలో ఒక్కసారి దూరం నుంచి చూపించి పంపే చోట చేరితే, మంచి జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో చదివినవాళ్లకంటే వెనకబడతారు. అందుకే ఇక్కడ కాలేజీని చూసి కోర్సు ఎంచుకోవాలి.

బీఎస్సీ అగ్రికల్చర్ గురించి పిల్లలు ఆలోచించేది ఉద్యోగం కోసం. జన్యుశాస్త్రం ఇష్టమున్నవాళ్లకు కూడా అది మంచి చోటే అని వాళ్లకు ఎవరూ చెప్పరు. జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ అక్కడ పెద్ద విభాగం. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్రం గుంటూరు పక్కన లాంలోనే ఉంది, బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి నడుస్తోంది. ఎల్‌సీఏ 334 లాంటి మిర్చి రకాలు లాం ఫారంలో తయారైనవే. సంకరణం చేసి, వందల మొక్కలు పెంచి, ఒక్కొక్కటీ చూసి ఏరుకునే పని కళ్లారా చూడాలంటే ఇంతకంటే దగ్గర చోటు మనకు లేదు. ఏపీ ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు ఉండి, పొలం పని అంటే అయిష్టం లేకపోతే ముందు దీన్నే చూడమంటాను.

బీటెక్ బయోటెక్నాలజీ వడ్లమూడి, వడ్డేశ్వరం వైపు ప్రైవేటు యూనివర్సిటీల్లో ఉంది. నాలుగేళ్లు, ఫీజు బాగా ఎక్కువ. బైపీసీ నుంచి వెళ్లినవాళ్లకు మొదట్లో మ్యాథ్స్‌తో కుస్తీ తప్పదు. ఫెర్మెంటేషన్, బయోఇన్ఫర్మేటిక్స్ వైపు మనసుంటే సరే. జన్యుశాస్త్రం కోసమే అయితే అప్పు చేసి చేరాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త. డిగ్రీ నిర్మాణం మారుతూ వస్తోంది. 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే) పద్ధతి వచ్చాక, అన్నయ్యో అక్కో చదివిన కాంబినేషన్ ఇప్పుడు ఉండకపోవచ్చు. ఏ కాలేజీలో ఏ మేజర్ ఉందో ఆన్‌లైన్ అడ్మిషన్ల జాబితాలో చూసుకుని, సిలబస్ కాగితం చేతిలో పట్టుకుని అప్పుడు నిర్ణయం తీసుకోండి.

ఒకే మిరపకాయ, రెండు రకాల చదువు

జన్యుశాస్త్రం, మాలిక్యులర్ బయాలజీ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చూస్తాయి. ఈ తేడా తెలిస్తేనే ఏది ముందు చదవాలో తేల్చుకోగలరు. మన మిర్చితోనే చూద్దాం.

గుంటూరు మిర్చి, కూరగాయల మార్కెట్లో దొరికే క్యాప్సికం రెండూ ఒకే జాతి మొక్కలు. ఒకటి కారం, ఒకటి చప్పన. ఈ రెంటికీ సంకరణం చేస్తే మొదటి తరంలో అన్నీ కారం మొక్కలే వస్తాయి. వాటిని స్వపరాగ సంపర్కం చేయించి రెండో తరం పెంచితే దాదాపు మూడు కారం మొక్కలకు ఒక చప్పని మొక్క వస్తుంది. ఇక్కడ జన్యుశాస్త్రజ్ఞుడు మొక్కను కోసి చూడలేదు, రసాయనాలు వాడలేదు. లెక్కపెట్టాడంతే. కారం ఉందా లేదా అన్నది ఒక్క జన్యువు తేలుస్తోందనీ, కారం బహిర్గత లక్షణమనీ (డామినెంట్, అంటే ఒక్క కాపీ ఉన్నా పైకి కనిపించేది) ఆ లెక్కతోనే చెప్పేశాడు. 1866లో మెండెల్ బఠాణీలతో చేసి ప్రచురించిన పని ఇలాంటిదే. అప్పటికి జన్యువు దేనితో తయారైందో ఎవరికీ తెలియదు.

రెండో తరంలో 80 మొక్కలు పెంచామనుకుందాం. 66 కారం, 14 చప్పన వచ్చాయి. 3:1 ప్రకారం 60, 20 రావాలి. ఈ తేడా యాదృచ్ఛికమా, మన ఊహే తప్పా? కై-స్క్వేర్ వేయండి, అంటే వచ్చినవాటికీ రావాల్సినవాటికీ ఉన్న తేడాను తూచే పరీక్ష. రెండు చోట్లా తేడా ఆరు. ఆరు ఆర్ల ముప్ఫై ఆరుని 60తో భాగిస్తే 0.6, 20తో భాగిస్తే 1.8, మొత్తం 2.4. రెండే రకాలున్నాయి కాబట్టి డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ ఒకటి, దానికి పట్టికలో హద్దు 3.84. దానికంటే తక్కువే కాబట్టి మన ఊహను కొట్టేయడానికి కారణం లేదు. ఈ నాలుగు వరసల లెక్క సొంతంగా చేయగలిగిన రోజు నుంచి జన్యుశాస్త్రం మీద టెన్షన్ సగం పోతుంది. చేయకుండా "మెండెల్ సిద్ధాంతాలు వ్రాయుము" అన్నదానికి రెండు పేజీలు నింపినవాళ్లకు మార్కులు వస్తాయి, సబ్జెక్టు రాదు.

ఇప్పుడు మాలిక్యులర్ బయాలజీ వైపు నుంచి. ఆ జన్యువుకు పన్1 అని పేరు పెట్టారు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారీలో పనికొచ్చే ఒక ఎంజైము సమాచారం అందులో ఉంటుంది. చప్పని రకాల్లో ఆ జన్యువు ముందు భాగం, అంటే ప్రమోటరూ (జన్యువును చదవడం మొదలుపెట్టించే చోటు) మొదటి ఎక్సానూ (ప్రొటీన్ సమాచారమున్న ముక్క) కలిసిన చోట, దాదాపు 2,500 బేస్‌లు ఎగిరిపోయి ఉన్నాయి. ప్రమోటర్ లేదు కనుక అనులేఖనం (డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారవడం) జరగదు, ఆర్ఎన్ఏ రాదు, ఎంజైము లేదు, కారం లేదు. కారం ఎందుకు బహిర్గత లక్షణమో ఇక్కడ అర్థమవుతుంది. రెండు కాపీల్లో ఒక్కటి బాగున్నా ఎంజైము తయారవుతుంది, కాయ కారంగానే ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. మొక్క కాయ కాసేదాకా ఆగనక్కర్లేదు, నారు దశలోనే ఆకు తుంచి డీఎన్ఏ తీసి, పీసీఆర్ చేసి, జెల్ (డీఎన్ఏ ముక్కలను సైజు వారీగా విడదీసే పలక) మీద బ్యాండ్ చూసి కారం రకమా కాదా చెప్పేయవచ్చు.

అయితే కారం ఉందా లేదా అన్నది వేరు, ఎంత కారం అన్నది వేరు. ఎంత అన్నదాంట్లో చాలా జన్యువులకు, ఎండకు, నీటికి కూడా వాటా ఉంది. పుస్తకంలోని 3:1 పొలంలో అన్ని లక్షణాలకూ కనిపించకపోవడానికి కారణం ఇదే.

మరి ఏది ముందు?

మాలిక్యులర్ బయాలజీ ముందు చదవాలనేవాళ్ల వాదనలో బలం ఉంది. డీఎన్ఏ నిర్మాణం తెలిస్తే ఉత్పరివర్తన (మ్యుటేషన్) అంటే ఏమిటో ఊహించుకోవచ్చు, జన్యువు అనే మాట గాలిలో తేలుతున్నట్టు ఉండదు. ఇంటర్‌లో రసాయన శాస్త్రం బాగా చదివినవాళ్లకు ఈ దారి తేలిగ్గా అనిపిస్తుంది కూడా.

అయినా నేను జన్యుశాస్త్రమే ముందంటాను. మెండెల్, సహలగ్నత (ఒకే క్రోమోజోమ్ మీది జన్యువులు కలిసి సంక్రమించడం), క్రోమోజోమ్ మ్యాపు, ఇంతవరకు లెక్కలతో సహా పూర్తి చేసి అప్పుడు డీఎన్ఏలోకి వెళ్లండి. మాలిక్యులర్ బయాలజీలో గొప్ప ఫలితాలు చాలా వరకు జన్యుశాస్త్ర తర్కంతోనే దొరికాయి, అందుకే ఈ వరస. లాక్ ఓపెరాన్ తీసుకోండి, అంటే బ్యాక్టీరియాలో పాలచక్కెరను వాడుకునే జన్యువుల గుంపు. జాకబ్, మోనో 1961లో దాని నమూనా చెప్పేనాటికి, ఆ జన్యువులను ఆపే రెప్రెసర్‌ను ఎవరూ వేరు చేసి చూడలేదు. ఆ పని 1966లో జరిగింది. మరి ముందే ఎలా చెప్పగలిగారు? బ్యాక్టీరియాలోకి జన్యువుల రెండో కాపీని పంపి, ఏ కాపీ ఏ లోపాన్ని సరిచేస్తోందో చూశారు. రెప్రెసర్ జన్యువు చెడిన కణానికి మంచి కాపీని వేరే డీఎన్ఏ ముక్క మీద ఇచ్చినా కణం బాగుపడింది. అంటే ఆ జన్యువు నుంచి కణమంతా తిరగగల పదార్థమేదో తయారవుతోంది. ఆపరేటర్ (రెప్రెసర్ వచ్చి కూర్చునే డీఎన్ఏ చోటు) చెడినప్పుడు మాత్రం మంచి కాపీని పక్కన ఇచ్చినా లాభం లేకపోయింది. అంటే ఆపరేటర్ తను ఉన్న డీఎన్ఏ మీదే పనిచేస్తుంది. బహిర్గతం, అంతర్గతం (రెసెసివ్) అన్న ఆలోచన చేతికి అలవాటైన పిల్లలకు ఇది పది నిమిషాల పాఠం. అలవాటు కానివాళ్లు బొమ్మ బట్టీ పట్టి, ఐ మైనస్ (చెడిన రెప్రెసర్ జన్యువు), ఓసీ (చెడిన ఆపరేటర్) లెక్క రాగానే చేతులెత్తేస్తారు. క్లాసులో నాకు స్పష్టంగా కనిపించే తేడా ఇది.

పిల్లలకు నేను తప్పకుండా చెప్పే విషయం ఇంకొకటుంది. ప్రపంచంలో మొదటి జన్యు మ్యాపు గీసిన ఆల్‌ఫ్రెడ్ స్టర్ట్‌వెంట్ అప్పటికి డిగ్రీ విద్యార్థి. జన్యుశాస్త్రజ్ఞుడు మోర్గాన్ ల్యాబ్‌లో డ్రోసోఫిలా (పండ్ల మీద వాలే చిన్న ఈగ) సంకరణాల లెక్కలు తీసుకుని, రెండు జన్యువుల మధ్య వినిమయం (క్రాసింగ్ ఓవర్) ఎంత ఎక్కువైతే అవి అంత దూరంలో ఉన్నట్టని గ్రహించి మ్యాపు గీశాడు. 1913లో అచ్చైంది. దానికి వాడినది కూడికలూ శాతాలూ మాత్రమే. మన పిల్లలకూ అవి వచ్చు.

ఈ వరసకు ఒక మినహాయింపు ఉంది. పీజీ ఎంట్రెన్స్‌కు రెండు నెలలే ఉండి, ఇప్పటిదాకా రెండూ సరిగా చదవకపోతే మాలిక్యులర్ బయాలజీతో మొదలుపెట్టండి. తక్కువ కాలంలో ఎక్కువ ప్రశ్నలకు జవాబు పెట్టగలిగేది అదే.

మాలిక్యులర్ బయాలజీని కూడా బొమ్మలుగా కాక ప్రయోగాలుగా చదవాలి. 1958లో మెసెల్సన్, స్టాల్ చేసిన ప్రయోగం చూడండి. బరువు నైట్రోజన్‌లో పెంచిన బ్యాక్టీరియాను తేలిక నైట్రోజన్‌లోకి మార్చారు. ఒక తరం తర్వాత డీఎన్ఏ అంతా మధ్యస్థ బరువు. రెండో తరానికి సగం మధ్యస్థం, సగం తేలిక. మూడో తరానికి ఎంతెంత వస్తుందో పుస్తకం మూసి మీరే చెప్పండి. పావు వంతు మధ్యస్థం, ముప్పావు తేలిక అని వచ్చిందంటే ప్రతికృతి (డీఎన్ఏ కాపీ అవడం) పాఠం మీకు వచ్చినట్టే.

పుస్తకాలు, వీడియోలు

గైడ్లు: పరీక్షకు ముందు వారం పనికొస్తాయి. సంవత్సరమంతా వాటి మీదే ఆధారపడితే మూడో ఏడు చివర చేతిలో ఏమీ మిగలదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలుగు అకాడమీ పుస్తకాన్ని వదిలేయకండి. ఇంగ్లిష్ పాఠం అర్థం కాక సబ్జెక్టే రాదేమో అని బెంగపడే పిల్లలను చూస్తుంటాను. ముందు తెలుగులో విషయం చదివి, ఆ సాయంత్రమే అదే పాఠం ఇంగ్లిష్‌లో చదవండి. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి రెండోది మానకూడదు. మొదటి సెమిస్టర్ గడిచేసరికి బెరుకు తగ్గుతుంది.

ఇండియన్ రచయితల పాఠ్యపుస్తకాలు సిలబస్‌కు దగ్గరగా ఉంటాయి, ధర అందుబాటులో ఉంటుంది. చాలావాటిలో లెక్కలు తక్కువ. విదేశీ పాఠ్యపుస్తకాల్లో అధ్యాయం చివర లెక్కలు గుట్టగా ఉంటాయి, కానీ కొత్తది కొనాలంటే బరువే. నా సలహా ఏమిటంటే, సిలబస్‌కు ఒక ఇండియన్ పుస్తకం కొత్తది కొనండి. లెక్కల కోసం ఒక విదేశీ పుస్తకం పాత ఎడిషన్ వెతకండి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లున్నాయి, జనవరిలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. జన్యుశాస్త్రం భాగానికి పాత ఎడిషన్ అయినా ఇబ్బంది లేదు, 3:1 మారదు. మాలిక్యులర్ భాగానికి మాత్రం ఎడిషన్ సంవత్సరం చూడండి. క్రిస్పర్ అనే పద్ధతితో జన్యువులను కోయవచ్చని తేలింది 2012లో, దానికి నోబెల్ వచ్చింది 2020లో. 2012కి ముందు అచ్చైన పుస్తకంలో అది ఉండదు.

వీడియోల్లో ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలైన ఎన్‌పీటీఈఎల్, స్వయం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో జెనెటిక్స్ కోర్సు లెక్కలు, వాటి జవాబులతో సహా, ఎవరైనా దించుకోవచ్చు. ఉచ్చారణ మొదట్లో అందకపోయినా లెక్కల కాగితాలు అందుతాయి, మనకు కావాల్సింది కూడా అవే. తెలుగు యూట్యూబ్ పాఠాలు పరీక్షకు ముందు పునశ్చరణకు బాగుంటాయి. వీడియో చూడటం చదవడం కాదన్నది మాత్రం గట్టిగా చెప్తాను. గంట వీడియోకు గంట లెక్కలు పెట్టుకోండి.

కోచింగ్ డిగ్రీ మొదటి రెండేళ్లు అవసరం లేదు. ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) బయోటెక్నాలజీ రాయాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి తెలుసుకోవాలి, అందులో ఇంటర్ స్థాయి మ్యాథ్స్, ఫిజిక్స్ కూడా అడుగుతారు. బైపీసీ వాళ్లు దెబ్బతినేది అక్కడే. రెండో ఏడు నుంచే కాస్త కాస్త మ్యాథ్స్ చేసుకుంటే చివర్లో పరుగు ఉండదు.

చేరే ముందు ల్యాబ్‌లో అడగాల్సినవి

ఫీజు కట్టే ముందు డిపార్ట్‌మెంట్‌కు వెళ్లండి. "ల్యాబ్ ఒక్కసారి చూడవచ్చా మేడమ్?" అని అడిగితే మంచి డిపార్ట్‌మెంట్లలో సంతోషంగా చూపిస్తారు. మైక్రోపిపెట్లు ఎంతమందికి ఒకటి వస్తాయి? జెల్ ట్యాంకు కిందటి సెమిస్టర్‌లో ఎన్నిసార్లు నడిపారు? ఎంజైములు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి, కరెంటు పోతే ఏర్పాటేమిటి? డ్రోసోఫిలా పెంచుతున్నారా? ఈ చివరి ప్రశ్న బెజవాడ ఎండల్లో చాలా చెప్తుంది. ఆ ఈగలకు 25 డిగ్రీలు సరైన వేడి, దాదాపు పది రోజుల్లో కొత్త తరం వస్తుంది. 30 దాటితే మగ ఈగలు వంధ్యమవుతాయి. మే నెల తర్వాత కూడా ఈగల సీసాలు బతికి ఉన్నాయంటే అక్కడ ఎవరో రోజూ శ్రద్ధగా చూసుకుంటున్నారని అర్థం.

సీనియర్ల రికార్డు పుస్తకం ఒకటి తీసి చూడండి. ఉల్లి వేరు కొన స్లైడులో ఒక్కొక్కరు గీసిన కణాలు ఒక్కోలా ఉంటే వాళ్లు మైక్రోస్కోప్‌లో చూసి గీశారు. అందరి బొమ్మలూ ఒకేలా ఉంటే ఒకరిది చూసి ఒకరు దించారు.

ఇప్పటికే ల్యాబ్ సరిగా లేని కాలేజీలో చేరిపోయినవాళ్లు దిగులు పడకండి, చేయగలిగింది చాలా ఉంది. అరటిపండు, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్, బాగా చల్లబరిచిన స్పిరిట్‌తో డీఎన్ఏ దారాలు ఇంట్లోనే తీయవచ్చు, అమ్మానాన్నలకు చూపించవచ్చు. అమెరికా ప్రభుత్వ ఎన్‌సీబీఐ సైటులో జన్యు క్రమాలన్నీ ఉచితం. హీమోగ్లోబిన్ బీటా జన్యువు తెరిచి, సికిల్ సెల్ వ్యాధిలో జీఏజీ అన్న మూడక్షరాల కోడాన్ జీటీజీగా మారే చోటు వెతకండి. గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ వస్తుంది, మారింది ఒక్క అక్షరం. ఆ ముక్కను బ్లాస్ట్‌లో (అదే సైటులో క్రమాలను పోల్చే సాధనం) పెట్టి చింపాంజీలో, ఎలుకలో ఎలా ఉందో పోల్చండి. దీనికి ఫోను, డేటా చాలు. ఆ పని చేసి రెండు పేజీలు రాసి మీ లెక్చరర్‌కు చూపించండి. వేసవిలో నాగార్జున యూనివర్సిటీలోనో లాంలోనో ప్రాజెక్టు అడగడానికి వెళ్లినప్పుడు ఆ రెండు పేజీలు వెంట తీసుకెళ్లండి.